చిన్న వర్తకుడు – ఏటేటి పన్ను



కొత్తవలస అను పేరు వినగానే మీలో పలువురకు రైలుబండి జ్ఞప్తికి వచ్చును. హౌరా నుండి చెన్నై పోవు పెద్ద లైనుపై మా స్టేషను ఉన్నది. బైలడిల్లా కొండలలోని ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960ల దశకములో కిరండూల్ వరకు వేసిన దారి ఇచ్చటనే చీలును. అరకు చూడబోవువారు మా ఊరి మీదుగనే పోవుదురు. బండి ఆగిన రెండు నిమిషములలో వారు చూచునది ప్లాట్‌ఫారమును, దూరమున కొండలను మాత్రమే.

స్టేషను వెలుపలికి వచ్చి కొంత దూరము నడచినచో వేరొక లోకము కానవచ్చును. కిరాణా కొట్లు, ఇనుప సామానుల దుకాణములు, సిమెంటు డిపోలు, మందుల షాపులు, టిఫిను హోటళ్లు. వీనిలో చాలభాగము ఇద్దరు ముగ్గురి కాయకష్టముపై నడచునవే. భర్త గల్లాపెట్టె వద్ద కూర్చుండగా భార్య సరకు తూచును. కాలేజీ నుండి వచ్చిన కుమారుడు సెల్‌ఫోనులో పడిన జమలను చిట్టాతో సరిచూచును. ఇట్టి కొట్ల లెక్కలు వ్రాయుట నా వృత్తి. బేరములో తెలివి, తూకములో న్యాయము, మాటలో మర్యాద అన్నియు కలిగియుండి, కేవలము ఒక తేదీ మరచి, ఒక సంతకము మరచి చిక్కులలో పడినవారిని నేను ఎందరినో చూచితిని. అందుచే నేడు చిన్న వర్తకుడు, చిన్న కంపెనీ ప్రతి సంవత్సరమును రాష్ట్రమునకు తీర్చవలసిన పన్నులనుగూర్చి నాకు తెలిసినంతలో మనవి చేసెదను.

మొదట ఒక చిన్న పూర్వచరిత్ర. వర్తకుని అమ్మకముపై పన్ను వేయుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు. 1939లో, ఈ ప్రాంతమంతయు మద్రాసు రాజధానిలో చేరియుండగా, రాజగోపాలాచారిగారి మంత్రివర్గము మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టమును తెచ్చెను. మద్యనిషేధమువలన ఖజానాకు కలిగిన లోటును పూడ్చుకొనుట దాని ముఖ్యోద్దేశములలో నొకటి. సంవత్సరమునకు 10,000 రూపాయలకు తక్కువ అమ్మకము గలవారిని ఆ చట్టము విడిచిపెట్టెను. చిన్నవానిని వదలవలెనను ఆలోచన ఆనాడే ఉండెనన్నమాట. పిదప 1957లో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టము, 2005 ఏప్రిలు నుండి విలువ ఆధారిత పన్ను, అనగా వ్యాట్, వచ్చినవి. 2017 జూలై 1వ తేదీనుండి వస్తు సేవల పన్ను, అనగా జి.ఎస్.టి., అమలులోనికి వచ్చినది. పెట్రోలు, డీజిలు, మద్యము మాత్రము నేటికిని పాత వ్యాట్ క్రిందనే ఉన్నవి.

జి.ఎస్.టి. కేంద్ర ప్రభుత్వపు పన్ను అని చాలమంది తలంతురు. అది సగము మాత్రమే నిజము. కొత్తవలసలో కొని కొత్తవలసలోనే అమ్మిన వస్తువుపై వచ్చు పన్ను రెండు సమభాగములగును. ఒకటి కేంద్రమునకు, రెండవది రాష్ట్రమునకు. ఈ రెండవ భాగమును విధించునది మన శాసనసభ చేసిన ఆంధ్రప్రదేశ్ వస్తు సేవల పన్ను చట్టము, 2017. సరకు విశాఖపట్టణము నుండి వచ్చినను విజయనగరము నుండి వచ్చినను ఇదియే పద్ధతి. ఒడిశాలోని రాయగడకో జయపురమునకో పంపినప్పుడు మాత్రము సమగ్ర పన్ను అను మూడవ పేరుతో వసూలగును.

ఇక మన కొట్టులోనికి వత్తము. ఈ పన్నులో ఎవరు చేరవలెను?

వస్తువులు మాత్రమే అమ్మువానికి మన రాష్ట్రములో సంవత్సరమునకు 40 లక్షల రూపాయల అమ్మకము దాటినప్పుడు రిజిస్ట్రేషను అవసరము. పొరుగున ఉన్న తెలంగాణములో ఆ హద్దు 20 లక్షలే. సేవలు చేయువారికి, అనగా మరమ్మతు పనివారు, ఫోటో స్టూడియోలవారు మొదలగువారికి, ఇచ్చటను 20 లక్షలే హద్దు. 40 లక్షలనగా చాల పెద్ద మొత్తముగ వినిపించును. కాని 365 రోజులకు పంచి చూడుడు. రోజునకు సుమారు 11,000 రూపాయలు. సంత రోజున రద్దీగా ఉండు కిరాణా కొట్టునకు ఇది అందరాని మొత్తము గాదు.

ఇచ్చట ఒక పొరపాటు తరచుగ జరుగుచున్నది. విడిగా తూచి అమ్ము బియ్యమునకు, పప్పులకు పన్ను లేదు గనుక ఆ అమ్మకమును లెక్కలోనికి తీసికొననక్కరలేదని కొందరు భావింతురు. అది సరికాదు. పన్ను గల సరకుతోపాటు పన్ను లేని సరకును కూడ అమ్మువాడు 40 లక్షల హద్దును చూచుకొనునప్పుడు రెండింటిని కలిపియే లెక్కింపవలెను. పన్ను లేని సరకు మాత్రమే అమ్మువానికి రిజిస్ట్రేషను అక్కరలేదు. అట్లే ఒకే పాన్ నంబరుపై కొత్తవలసలో ఒక కొట్టు, శృంగవరపుకోటలో మరియొక కొట్టు ఉన్నచో రెండింటి అమ్మకము ఒకటిగనే లెక్కింపబడును. ఇతర రాష్ట్రమునకు సరకు అమ్మువానికి సాధారణముగ ఈ హద్దు వర్తింపదు. మొదటి అమ్మకమునుండియే రిజిస్ట్రేషను కావలెను.

రిజిస్టరయిన చిన్న వర్తకునకు రెండు దారులు గలవు. మొదటిది మామూలు దారి. కొనునప్పుడు చెల్లించిన పన్నును, అమ్మునప్పుడు వసూలు చేసిన పన్నునుండి తీసివేసి, మిగిలినది ప్రభుత్వమునకు కట్టుట. రెండవది కాంపోజిషను పథకము. సంవత్సరమునకు 1 కోటి 50 లక్షలలోపు అమ్మకము గల వర్తకుడు దీనిని కోరుకొనవచ్చును. అట్టివాడు పన్ను గల సరకు అమ్మకముపై నూటికి ఒక రూపాయి కట్టిన చాలును. అందులో అర్ధరూపాయి కేంద్రమునకు, అర్ధరూపాయి రాష్ట్రమునకు. మద్యము అమ్మని హోటలువారికి నూటికి 5 రూపాయలు. 50 లక్షలలోపు రాబడి గల సేవలవారికి నూటికి 6 రూపాయలు.

ఈ రెండవ దారిలో సుఖమున్నది గాని నియమములును గలవు. కొనుగోలుదారునివద్ద పన్ను అని వేరుగ ఒక్క పైసయు వసూలు చేయరాదు. తాను కొన్న సరకుపై కట్టిన పన్నును తిరిగి పొందరాదు. ఇతర రాష్ట్రమునకు సరకు అమ్మరాదు. కొట్టు ముందు బోర్డుపైనను, ఇచ్చు బిల్లుపైనను తాను కాంపోజిషను వర్తకుడనని వ్రాయవలెను. ఐస్‌క్రీము, పాన్‌మసాలా, పొగాకు తయారు చేయువారికి ఈ పథకము లేదు. 2022 ఏప్రిలు నుండి ఇటుకలు, ఫ్లైయాష్ ఇటుకలు, పెంకులు తయారు చేయువారికిని లేదు. మా పరిసర గ్రామములలో ఇటుక బట్టీలు పెట్టదలచువారు ఈ సంగతి ముందుగ తెలిసికొనుట మంచిది.

రెండు దారులలో ఏది మేలు? నన్ను చాలమంది అడుగు ప్రశ్న ఇది. “బాబూ, నూటికి రూపాయి కట్టీసి చేతులు దులిపీసుకుంటే పోద్ది కదా” అని ఒక పెద్దాయన అడిగెను. పోవునో పోదో లెక్కవేసి చూతము.

నూటికి 18 రూపాయల పన్ను గల వస్తువు నొకదానిని తీసికొందము. వర్తకుడు దానిని 100 రూపాయలకు కొని, పన్ను 18 రూపాయలు చెల్లించెననుకొనుడు. పది రూపాయల లాభము వేసికొని 110కి, దానిపై పన్ను 19 రూపాయల 80 పైసలతో, మొత్తము 129 రూపాయల 80 పైసలకు అమ్మెను. మామూలు దారిలో అతడు ప్రభుత్వమునకు కట్టునది 1 రూపాయి 80 పైసలు. చేతిలో మిగులునది 10 రూపాయలు. కాంపోజిషను దారిలో అదే వస్తువును అదే 129 రూపాయల 80 పైసలకు అమ్మినచో, కొన్న ఖరీదు 118, కట్టు పన్ను సుమారు 1 రూపాయి 30 పైసలు. మిగులునది 10 రూపాయల 50 పైసలు. అర్ధరూపాయి లాభము కలిగినది.

ఇప్పుడు నూటికి 5 రూపాయల పన్ను గల వస్తువును చూడుడు. 100కు కొని 5 పన్ను కట్టి, ఆరు రూపాయల లాభముతో 106కు, పన్నుతో కలిపి 111 రూపాయల 30 పైసలకు అమ్మిరి. మామూలు దారిలో కట్టవలసినది 30 పైసలు. మిగులునది 6 రూపాయలు. కాంపోజిషను దారిలో కట్టవలసినది 1 రూపాయి 11 పైసలు. మిగులునది 5 రూపాయల 19 పైసలు. ఇచ్చట నష్టమే వచ్చినది. ఈ లెక్కను ఇంకను సాగించినచో, 18 రూపాయల పన్ను గల సరకుపై నూటికి 7 రూపాయలకు మించి లాభమున్నప్పుడు కాంపోజిషను మేలనియు, 5 రూపాయల పన్ను గల సరకుపై నూటికి సుమారు 27 రూపాయలకు మించి లాభమున్నప్పుడే మేలనియు తేలును. కిరాణా సరకుపై అంత లాభము ఎవరికి వచ్చును?

ఈ లెక్కకు ఇటీవల మరింత ప్రాధాన్యము కలిగినది. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి జి.ఎస్.టి. రేట్లు మారినవి. నూటికి 12, 18 చొప్పున పన్ను ఉండిన నిత్యావసర వస్తువులలో అనేకము 5కు దిగినవి. కొన్నింటిపై పన్ను పూర్తిగ పోయినది. రేటు తగ్గుట కొనువానికి మేలే. కాని 2017లోనో 2019లోనో కాంపోజిషను కోరుకొని, ఇక మరల ఆలోచింపని కొట్టువాడు, తన సరకు ఏ రేటులోనికి మారినదో చూచి లెక్క తిరిగి వేసికొనవలెను. మామూలు దారిలో కాగితపు పని ఎక్కువయన్న మాట నిజమే. ఆ పనికయ్యెడు ఖర్చును కూడ లెక్కలో చేర్చి నిర్ణయింపవలెను. తన సరకు కొనువారు కంట్రాక్టరులైనచో మరియొక సంగతి గలదు. వారు తాము కట్టిన పన్నును తిరిగి పొందగోరుదురు గనుక కాంపోజిషను వర్తకునివద్ద కొనుటకు వెనుదీయుదురు. ఇంటి అవసరములకై కొనువారు మాత్రమే వచ్చు కొట్టునకు ఆ చిక్కు లేదు.

ఇక తేదీలు. దయచేసి కాగితము, కలము తీసికొనుడు.

రానున్న ఆర్థిక సంవత్సరమునకు కాంపోజిషను కోరుకొనువారు మార్చి 31లోగా తెలుపవలెను. ఆ పథకములో ఉన్నవారు మూడు నెలలకొకసారి, అనగా ఏప్రిలు, జూలై, అక్టోబరు, జనవరి నెలలలో 18వ తేదీలోగా గడచిన మూడు నెలల పన్నును సి.ఎం.పి.–08 అను పత్రముతో కట్టవలెను. సంవత్సరమునకొకసారి సమర్పించు జి.ఎస్.టి.ఆర్.–4 అను పత్రమునకు పూర్వము గడువు ఏప్రిలు 30. 2024–25 సంవత్సరపు లెక్కలనుండి అది జూన్ 30కి మారినది. ఆలస్యమయిన యెడల రోజునకు 50 రూపాయలు, మొత్తము 2,000 రూపాయలకు మించకుండ రుసుము పడును. కట్టని పన్నుపై సంవత్సరమునకు నూటికి 18 వడ్డీ నడచును. మామూలు దారిలో ఉండి, 5 కోట్లలోపు అమ్మకము గలవారు పత్రములను మూడు నెలలకొకసారి సమర్పింపవచ్చును గాని, పన్నును నెలనెలా జమకట్టవలెను. వార్షిక పత్రమునకు డిసెంబరు 31 గడువు. 2 కోట్లలోపు అమ్మకము గలవారికి దానినుండి మినహాయింపు కలదు. గడువులు ప్రభుత్వ ప్రకటనలచే అప్పుడప్పుడు పొడిగింపబడుట కద్దు. కాని పొడిగింపును నమ్ముకొని కూర్చుండుట వర్షమును నమ్ముకొని నారు పోయకుండుట వంటిది.

అమ్మకము లేని కాలమునకును పత్రము సమర్పింపవలెను. “బేరమే లేదు, ఇంక కాగితమేల?” అనుకొనువారు పొరపడుచున్నారు. సున్న అని వ్రాసి పంపుటయు ఒక బాధ్యతయే. వరుసగ పత్రములు పంపనివాని రిజిస్ట్రేషను రద్దగును. రద్దయినదానిని పునరుద్ధరింపుమని కోరుటకు సాధారణముగ 90 రోజుల వ్యవధి మాత్రమే ఉండును.

రాష్ట్రమునకు కట్టవలసిన మరియొక పన్ను వృత్తిపన్ను. 1987 నాటి రాష్ట్ర చట్టముచే ఇది వసూలగుచున్నది. దీనికి రెండు ముఖములు. కొట్టులో పనిచేయు గుమస్తా జీతము నెలకు 15,000 రూపాయలు దాటి 20,000 వరకు ఉన్నచో నెలకు 150, ఆపైన ఉన్నచో 200 రూపాయల చొప్పున యజమాని అతని జీతమునుండి తీసి మరుసటి నెల 10వ తేదీలోగా కట్టవలెను. 15,000 లోపు జీతగానికి ఈ పన్ను లేదు. ఇది ఒక ముఖము. యజమాని తన వృత్తికై తాను ఏడాదికొకసారి కట్టునది రెండవ ముఖము. గుమస్తా తరఫున కట్టినంత మాత్రమున యజమాని వంతు తీరదు. ఈ పన్ను ఎవరిపైనను సంవత్సరమునకు 2,500 రూపాయలు మించరాదని రాజ్యాంగములోని 276వ అధికరణము హద్దు విధించినది. 1988లో జరిగిన సవరణకు పూర్వము ఆ హద్దు 250 రూపాయలే.

ఇక కంపెనీల మాట. ఈ రోజులలో ఇద్దరు మిత్రులు కలిసి వ్యాపారము పెట్టినచో 1932 నాటి భాగస్వామ్య చట్టము క్రింద సాధారణ ఫర్మును పెట్టుటకు వెనుకాడుచున్నారు. అందులో ఫర్ము అప్పునకు ప్రతి భాగస్వామియు తన ఇల్లు వాకిళ్లతోసహా పూచీపడవలసియుండును. అందుచే 2008 చట్టముచే ఏర్పడిన పరిమిత బాధ్యత భాగస్వామ్యమును, అనగా ఎల్.ఎల్.పి.ని గాని, ప్రైవేటు లిమిటెడ్ కంపెనీని గాని కోరుకొనుచున్నారు. మంచిదే. కాని అమ్మకమున్నను లేకున్నను, లాభమున్నను లేకున్నను, ఇవి ఏటేటా రిజిస్ట్రారునకు లెక్క చెప్పవలెను. ఎల్.ఎల్.పి. అయినచో మే 30లోగా ఒక పత్రము, అక్టోబరు 30లోగా మరియొకటి. ప్రైవేటు కంపెనీ అయినచో వార్షిక సభ జరిగిన 30 రోజులలోగా లెక్కల పత్రము, 60 రోజులలోగా వార్షిక వివరణము. కంపెనీ పత్రము ఒక్కొక్కటి ఆలస్యమయిన ప్రతి రోజునకు 100 రూపాయల అదనపు రుసుము. దీనికి పైహద్దు లేదు. రెండు పత్రములను ఒక సంవత్సరము మరచినచో 73,000 రూపాయలు. బోర్డు కట్టి, బేరము ప్రారంభింపకయే ఇంత కట్టవలసివచ్చిన యువకులు గలరు.

మన పిల్లలు అమెరికాలో పెట్టుచున్న కంపెనీలకును ఇట్టి బాధ్యత తప్పదు. అచ్చట కంపెనీలను నమోదు చేయునది రాష్ట్రములే. కాలిఫోర్నియా రాష్ట్రములో ఎల్.ఎల్.సి. అను పరిమిత బాధ్యత సంస్థ ఆదాయము లేకున్నను ఏటా 800 డాలర్లు కట్టవలెను. డెలావేరులో జూన్ 1వ తేదీలోగా 300 డాలర్లు. మన దేశములో కంపెనీల నమోదు కేంద్రప్రభుత్వపు పని గనుక ఇట్టి ఏటేటి రాష్ట్ర రుసుము లేదు. కాని ఉన్న సంస్థ ఉన్నంతకాలము లెక్క చెప్పవలెనను సూత్రము రెండుచోట్లను ఒక్కటియే.

ఇప్పుడు నేను చెప్పబోవునది ఈ ప్రసంగమునకు ముఖ్యమయిన విషయము. “పరిమిత బాధ్యత” అను మాటను విని, మన ఇంటికి ఏ పన్ను బాకీయు రాదని నిశ్చింతగ ఉండువారు ఆలకింపవలెను.

నేనెరిగిన ఇద్దరు స్నేహితులు ఇనుము, సిమెంటు వ్యాపారము పెట్టి దానిని ఎల్.ఎల్.పి.గా నమోదు చేయించిరి. కొన్నాళ్లకు పెద్దవానికి ఆరోగ్యము చెడినది. తన పెట్టుబడి తాను తీసికొని వైదొలగెను. ఇద్దరును ఒకరినొకరు నమ్మినవారు గనుక చేతిలో చేయి వేసికొని విడిపోయిరి గాని కాగితముపై ఏమియు వ్రాసికొనలేదు. ఎవరికిని తెలుపలేదు. తరువాత వ్యాపారము మందగించినది. చిన్నవాడు పన్ను కట్టుట మానెను. రెండేండ్లు గడచిన పిమ్మట పన్ను, వడ్డీ, అపరాధ రుసుము కలిపి వచ్చిన నోటీసు పెద్దవాని ఇంటికిని చేరినది. ఆయన ఆ కాగితము పట్టుకొని నావద్దకు వచ్చి, “నాను కొట్టొగ్గీసి రెండేళ్లయిపోయింది కదా బాబూ, నాకెందుకీ కాగితం? లిమిటెడ్ అని రాసీసుకున్నాం కదా!” అని అడిగెను.

నేను చట్టము తెరచి చూపితిని. జి.ఎస్.టి. చట్టములో 90వ సెక్షను ప్రకారము ఫర్ము పన్ను బాకీకి ఫర్మును, అందలి ప్రతి భాగస్వామియు కలిసికట్టుగను విడివిడిగను బాధ్యులు. 94వ సెక్షనులోని వివరణ ఎల్.ఎల్.పి.ని కూడ ఫర్ముగనే పరిగణింపవలెనని చెప్పుచున్నది. అనగా సరకిచ్చిన సావుకారునకు, అప్పిచ్చిన బ్యాంకునకు అడ్డు నిలుచు గోడ ఈ పన్ను విషయములో అడ్డు నిలువదు. విరమించిన భాగస్వామి తాను ఉన్ననాటి బాకీకి ఎట్లును బాధ్యుడే. విరమించిన సంగతిని ఒక నెలలోగా వ్రాతమూలకముగ పన్నుల కమిషనరునకు తెలియజేయవలెను. తెలుపనిచో, ఆ సమాచారము అందువరకు అతని బాధ్యత కొనసాగును. ప్రైవేటు కంపెనీ డైరెక్టరుల మాటయు ఇంచుమించు ఇట్టిదే. కంపెనీనుండి పన్ను వసూలు కానిచో, ఆ వైఫల్యము తన తీవ్రమయిన నిర్లక్ష్యముచేత గాని, అక్రమముచేత గాని, కర్తవ్యలోపముచేత గాని కలిగినది కాదని ఋజువు చేసికొన్న డైరెక్టరునకు మాత్రమే విముక్తి. ఆ ఋజువు భారము అతనిపైననే ఉండును.

ఆ పెద్దాయన చాలసేపు మాటాడలేదు. చివరకు కొంత సొమ్ము తాను కట్టెను. స్నేహితుడు దానిని విడతలుగ తిరిగి యిచ్చుచున్నాడు. బాకీ తీరుచున్నది గాని, పూర్వమువలె వారిద్దరు ఒకే బల్లపై కూర్చుండి టీ త్రాగుట మరల నేను చూడలేదు. ఒక చిన్న ఉత్తరము వ్రాసియున్నచో, ఆయన వైదొలగిన తరువాతి బాకీ ఆయన గడప త్రొక్కియుండెడిది కాదు.

కావున భాగస్వామ్యమునుండి తప్పుకొనువారు మూడు పనులు చేయవలెను. విరమణపత్రము వ్రాసి ఇరువురు సంతకములు చేయుట మొదటిది. ఎల్.ఎల్.పి. అయినచో 30 రోజులలోగా రిజిస్ట్రారునకు తెలిపించుట రెండవది. జి.ఎస్.టి. రిజిస్ట్రేషనులో 15 రోజులలోగా పేరు తీసివేయించి, ఒక నెలలోగా కమిషనరునకు వేరుగ వ్రాసి, ఆ అందిన రసీదును భద్రపరచుకొనుట మూడవది. అట్లే కొట్టు మూసివేయువారు తాళము వేసిన మాత్రమున పని అయినదని తలంపరాదు. రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనవలెను; మామూలు దారిలో ఉన్నవారు మూడు నెలలలోగా ఆఖరి పత్రమును కూడ సమర్పింపవలెను. ఈ ఆఖరి పత్రమును మరచినవారే ఎక్కువ.

ఇదంతయు విని, పన్ను అనునది చిన్నవానిని భయపెట్టుటకే ఏర్పడినదని తలంపవలదు. పిల్లల బడి, పల్లె వైద్యశాల, మన సరకు నడచు రోడ్డు ఆ సొమ్ముతోడనే నడచుచున్నవి. చట్టము కూడ చిన్నవానికి కొన్ని వెసులుబాటులు కల్పించినదని మీరు విన్నారు. కాని ఆ నియమములు తరచుగ మారుచుండుట, పత్రములపేర్లు మన భాషలో లేకుండుట, అన్నియు కంప్యూటరు ద్వారముననే జరుగుట చిన్న వర్తకునకు కష్టమే. దానిని కాదనలేము. ప్రతి మండలములోను వారమున కొకరోజు తెలుగులో విషయము వివరించు ఏర్పాటున్నచో ఎన్నో బాకీలు పుట్టకమునుపే ఆగిపోవునని నా అభిప్రాయము. అది వచ్చువరకు మన జాగ్రత్త మనము పడవలెను.

మా తాతలనాటి వర్తకులు ఉగాదికి క్రొత్త చిట్టా పుస్తకమునకు పసుపు కుంకుమలు పెట్టి తొలిపద్దు వ్రాసెడివారు. మనమును ఏప్రిలు మొదటి దినమున ఒక కాగితము తీసికొని, నేడు చెప్పిన తేదీలను పెద్ద అక్షరములతో వ్రాసి, గల్లాపెట్టె ఎదుటి గోడకు అతికింపవచ్చును. లెక్కలు వ్రాయువానిపై భారము వేయుడు. కాని సంతకము మీది, బాధ్యత మీది అను సంగతి మరువకుడు. ప్రతి కట్టుబడికిని రసీదు అడిగి తీసికొనుడు. గోరుతో పోవుదానికి గొడ్డలిదాక తెచ్చుకొనవలదని మన పెద్దలు చెప్పినది ఇందులకే గదా.